వంకర లేని గీత

“పూరీ తిన్నానంటాంది పాప. ఇదో, ఈ గీత చూడు. లేచిందా? నువ్వే చెప్పు, లేచిందా?”

నాగమణి తన ఫోను తెచ్చి భర్త కంచం పక్కన పెట్టింది. దోసె తుంచుతున్న గోవిందప్ప ఆగి, కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. తెర మీద ఆకుపచ్చటి పట్టీ. దాని నడుమ ఎడమ నుంచి కుడికి సన్నటి నల్లగీత. గీత కొసన నూట నాలుగు అంకె.

“బాగుంది కదా,” అన్నాడు.

“బాగుండేదే నాకు భయంగా ఉంది.”

“నీకు తెల్లారితే ఏదో ఒకటి కావాల. పెరిగితే ఏడుస్తివి, తగ్గితే ఏడుస్తివి. ఇప్పుడు సరిగ్గా ఉంటే గూడా ఏడుస్తాండావు.”

“ఏడవడం లేదు. అడుగుతాండా. పూరీ తిని, పైన టీ తాగి, చక్కెర లేవకుండా ఎట్లుంటాది? వేరేవాళ్ళకు ఉండొచ్చు. మన పాపకు ఉంటాదా?”

“సూది సరిగ్గా ఏసుకునుంటాది. ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది. మనం ఎంటబడకుంటే తానే చూసుకుంటాదని నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా.”

నాగమణి ఫోను వైపే చూస్తూ నిలబడింది. నూట నాలుగు నూట రెండయింది.

రసజ్ఞకు ఈ జబ్బు ఎనిమిదో ఏట వచ్చింది, వీళ్ళు తాడిపత్రిలో ఉన్నప్పుడు. ఒంట్లో ఇన్సులిన్ ఊరడమే ఆగిపోయిందన్నారు డాక్టర్లు. ఆనాటి నుంచి ప్రతి పూట తిండికీ ఒక సూది. ప్రతి సూదికీ ముందు వేలి మీద చిన్న పోటు, ఒక నెత్తుటి బొట్టు. ఆ బొట్లన్నీ తీసింది నాగమణే. ఉప్మా తింటే చక్కెర ఎంత లేస్తుందో, పరీక్షల భయానికి ఎంత లేస్తుందో, పరుగెత్తితే ఎక్కడికి జారుతుందో, తెల్లవారుజామున ఏమీ తినకుండానే ఎట్లా మెల్లగా పైకెక్కుతుందో అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. కూతురి మనసు ఎన్నోసార్లు అర్థం కాలేదు గానీ, కూతురి నెత్తురు ఎప్పుడూ అర్థమయ్యేది.

నిరుడు ఆఫీసు క్యాంటీనులో చక్కెర తగ్గి రసజ్ఞ కళ్ళు తిరిగి పడిపోయాక, జబ్బ వెనక రూపాయి బిళ్ళంత సెన్సర్ అతికించుకోవడం మొదలైంది. దాని కింద చర్మంలోకి వెంట్రుకంత తీగ ఉంటుంది. చక్కెర ఎంతుందో అది కాసేపటికోసారి దగ్గరున్న ఫోనుకు చెబుతుంది. ఆ ఫోను నుంచి అదే అంకె, ఎక్కుతోందో దిగుతోందో చూపే బాణంతో, నాగమణి ఫోనుకు వస్తుంది.

ఆ అంకె వచ్చాక ఇంట్లో శాంతి పోయింది. ఏం తిన్నావు, నూటతొంభై చూపిస్తాంది. మీటింగులో ఉన్నానమ్మా. బాణం కిందికి తిరిగింది, జ్యూస్ తాగు. తాగుతానమ్మా. తాగినావా? రోజంతా ఇవే ఫోన్లు. చివరికి సంచి సర్దుకుని గడప దగ్గర నిలబడి రసజ్ఞ అన్న మాటలు నాగమణి చెవుల్లో ఇంకా అట్లాగే ఉన్నాయి.

“నువ్వు నన్ను చూట్టం మానేసి చానా కాలమైందమ్మా. నంబర్నే చూస్తాండావు. సరే, నంబర్నే చూసుకో. మెసేజ్ పెట్టు. ఫోను మాత్రం చేయొద్దు. చేస్తే ఇది గూడా ఆపేస్తా.”

పిల్ల మాదాపూర్‌లో హాస్టలుకు వెళ్ళిపోయింది. నిజాంపేట ఇంట్లో అంకె మిగిలింది.

నాగమణి ఆ అంకెతో కాపురం చేయడం నేర్చుకుంది. వంటింట్లో ఫోనును ఊరగాయ జాడీకి ఆనించి పెట్టుకునేది. కూర తరుగుతూ, “ఇప్పుడు తింటాండావా? తిను, తిను,” అనేది. అంకె నెమ్మదిగా దిగుతుంటే, “నిద్రపట్టిందా తల్లీ,” అనేది. రెండ్రోజుల కిందట చపాతీ పిండి కలుపుతూ ఆ ఫోనుకు పక్కింటివాళ్ళ గొడవ మొత్తం చెప్పుకుంది. గోవిందప్ప గుమ్మం దగ్గర నిలబడి అంతా విని, వెనక్కి వెళ్ళిపోయాడు.

అయితే మొన్నామధ్య ఒక ఉదయం అంకె రాలేదు. తెర మీద గీత తెగిపోయింది. పాత సెన్సర్ గడువు తీరి కొత్తది పెట్టుకుంటోందేమోలే అనుకుని నాగమణి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. కాసేపటికి గీత మళ్ళీ మొదలైంది. అప్పటి నుంచి దానికి వంకర లేదు. అన్నం వేళకు కొంచెం ఉబ్బుతుంది, మళ్ళీ గమ్మున సర్దుకుంటుంది. తెల్లవారుజామున లేవదు. సాయంత్రం జారదు. గాలి లేని నీళ్ళలా ఉంటుంది.

“మిషన్ తప్పు చెప్తాందంటావా?” గోవిందప్ప చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

“మిషన్ సరిగ్గానే చెప్తాంది.”

“మరి?”

“అది ఎవరిదో నెత్తురు. మన పాపది కాదు.”

కుళాయి కట్టేశాడు గోవిందప్ప. తుండుగుడ్డ తీసుకోలేదు. తడిచేతులతో అట్లాగే నిలబడ్డాడు.

“ఏమన్నావు?”

“పాపది కాదంటాండా.”

“ఇంకోసారి ఆ మాట అనాకు.”

“అంటే ఏమయితాది?”

“నాగమణీ, నిరుడు పాప పడిపోయినప్పటి నుంచి నాకు కళ్ళు మూతపడలేదు. ఈ మధ్యనే పడుకుంటాండా. మెసేజులు గూడా ఎంత మెత్తగా పెడతాంది! మనతో ఎప్పుడన్నా అట్లా మాట్లాడిందా? బిడ్డ బాగైందని సంతోషపడు. బాగైన బిడ్డను మన బిడ్డ కాదంటే ఎట్లా మే?”

అతను చొక్కా వేసుకుని, ప్లంబింగ్ సామాన్ల అంగడికి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్న చప్పుడు తర్వాత ఇంట్లో ఫ్రిజ్ మోత తప్ప ఏమీ వినపడలేదు.

నాగమణి సోఫాలో కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తొంభై ఆరు. కాసేపటికి నూట పది. ఎవరో ఏదో తింటున్నారు. బిస్కెట్టో, అరటిపండో. ఎవరో ఒక మనిషి ఎక్కడో కూర్చుని, తిని, నీళ్ళు తాగి, లేచి నడుస్తుంటే, ఆ మనిషి లోపలి సంగతి తన ఒళ్ళోకి వచ్చి పడుతోంది. ఇన్ని రోజులూ ఆ మనిషికి తను జోల పాడింది. ఆ మనిషితో పక్కింటి గొడవ చెప్పుకుంది.

ఫోనును మెల్లగా తీసి టీపాయ్ మీద పెట్టింది. తెర కిందికి ఉండేలా తిప్పి పెట్టింది. అయినా అది తనను చూస్తున్నట్టే ఉంది.

‘మెత్తగా పెడతాంది’ అన్న భర్త మాట గుర్తొచ్చి, మెసేజులు తెరిచింది. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. ‘తిన్న అమ్మా’. ‘మంచిగున్న అమ్మా’. ‘మీరు తిన్నరా అమ్మా?’

మీరు.

రసజ్ఞ పుట్టి బుద్ధెరిగి ఏనాడూ తల్లిని మీరు అనలేదు. ఈ మాటను ఎన్నిసార్లు చదివిందో, చదివి ఎన్నిసార్లు ఫోనును గుండెకు ఆనించుకుందో నాగమణికే తెలుసు. పాప కోపం కరిగిందనుకుంది. ఇప్పుడు ఆ మాట మీద వేలు పెట్టి చూస్తే వేలు చల్లబడింది.

చీర కూడా మార్చుకోకుండా బయల్దేరింది.

శనివారం మధ్యాహ్నం. మబ్బు కమ్మి ఉంది గానీ వాన పడటం లేదు. ఆటో ఫ్లైఓవరు ఎక్కి దిగేసరికి హైటెక్ సిటీ ఖాళీగా కనిపించింది. మామూలు రోజుల్లో కాలు పెట్టే సందు ఉండని రోడ్డు మీద ఒకరిద్దరు గార్డులు గొడుగులు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. గాజు మేడలన్నీ మబ్బును తమలోకి తీసుకుని నల్లగా ఉన్నాయి. వాటి లోపల ఎవరైనా ఉన్నారో లేరో బయటికి తెలియదు. ఆటో పక్క నుంచి పోతుంటే ఆ గాజులో ఇంకో ఆటో, అందులో ఇంకో నాగమణి కూడా వెంట వస్తున్నారు. ఆమె తల తిప్పుకుంది.

హాస్టలు వార్డెన్ కనకలక్ష్మి రిజిస్టరు మీద నుంచి తలెత్తింది. “రసజ్ఞ గారా? ఆ అమ్మాయి ఖాళీ చేసి వెళ్ళిపోయిందండి. మీకు చెప్పలేదా?”

“యాడికి పోయింది?”

“అది మేం అడగమండి. వాళ్ళిష్టం. మీరు ఏమవుతారు?”

“అమ్మను.”

కనకలక్ష్మి ముఖం మారింది. కుర్చీ ముందుకు జరిపింది. “కూర్చోండి. మంచినీళ్ళు తెప్పించనా?”

నాగమణి కూర్చోలేదు. చేతిలోని ఫోను చూసింది. నూట ఒకటి. ఇప్పుడే, ఈ క్షణమే వచ్చిన అంకె. రసజ్ఞ అన్న మాట గుర్తుంది. ఫోను చేస్తే ఆపేస్తానంది. అయినా రసజ్ఞ పేరు మీద వేలు పెట్టి నొక్కింది.

తన చెవిలో రింగు మోగింది. ఆ వెంటనే పైన, మెట్ల మీదుగా, ఎక్కడో మూసిన తలుపు వెనక నుంచి, రసజ్ఞ పెట్టుకున్న వీణ పాట సన్నగా వినపడింది.

“వెళ్ళిపోయిందంటివే!” అంది నాగమణి.

“వెళ్ళిపోయిందండి, ఒట్టు,” అంది కనకలక్ష్మి. ఆవిడ కూడా పైకే చూస్తోంది.

నాగమణి ఫోను కట్టేయకుండా మెట్లెక్కింది. వరండాలో ఆరేసిన బట్టల కింద వంగుతూ, వీణ పాట వెంట నడిచింది. ఒక తలుపు ముందు పాట గట్టిగా ఉంది. ఆమె తలుపు తట్టబోయేలోగా పాట ఆగిపోయింది. తర్వాత గడియ తీసిన చప్పుడు.

తలుపు తీసింది రసజ్ఞ కాదు. సన్నగా, చామనఛాయగా, రసజ్ఞ కంటే చిన్నదైన పిల్ల. ఆమె చేతిలో రసజ్ఞ ఫోను ఉంది.

“నాగమణి ఆంటీ కదా మీరు?” అంది ఆ పిల్ల. “నా పేరు అఖిల. అక్కా నేను ఒకటే రూముల ఉంటుంటిమి. లోపలికి రాండ్రి ఆంటీ. గిట్ల బయట నిలబడొద్దు.”

మంచం మీది బట్టలు పక్కకు జరపడానికి అఖిల అటు తిరిగింది. పొట్టి చేతుల చొక్కా వేసుకుంది. జబ్బ వెనక తెల్లటి బిళ్ళ.

నాగమణి దాన్నే చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళుగా తనతో మాట్లాడింది ఇదే. చెయ్యి దానంతట అదే ముందుకు పోయి, ఆ బిళ్ళ అంచును వేలితో తాకింది. అఖిల ఉలిక్కిపడింది గానీ జరగలేదు.

“పెట్టేటప్పుడు నొప్పి పుట్టిందా?” అంది నాగమణి.

తను తిట్టడానికి వచ్చింది. నోట్లో నుంచి వచ్చింది మాత్రం ఈ మాట. అఖిల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“లేదాంటీ. చీమ కుట్టినట్లయింది.”

“ఎవరు పెట్టినారు?”

“అక్కనే. పాతది అయిపోతుండె. ‘నంబర్ రాకుంటే అమ్మ ఉరికొస్తది. కొన్ని దినాలు నువ్వు పెట్టుకో, నాకు జర ఊపిరి తీసుకోనియ్యి’ అన్నది. ఫోన్ గూడ ఈడనే ఇడిసిపెట్టింది.”

“నువ్వు సరేనంటివి.”

“అక్క ఏడ్సింది ఆంటీ. ‘నా జబ్బ మీద అమ్మ కన్ను అతికించి ఉన్నట్టుంటది. నేను నిద్రపోయినా ఆ కన్ను రెప్ప వెయ్యది’ అన్నది. గట్ల మాట్లాడుతుంటే నాకు భయమైంది. సరే అన్న.”

నాగమణి మంచం అంచు మీద కూర్చుంది. కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేయలేక మళ్ళీ మళ్ళీ కొడుతున్నారు.

“మెసేజులు?” అని అడిగింది చివరికి.

అఖిల తల వంచుకుంది. “నేనే. ‘తిన్నా’ అని ఒక్క మాట పెట్టు చాలన్నది అక్క. ఎక్కువ రాసింది నేనే.”

“ఎందుకు?”

“మా అమ్మ లేదాంటీ. సిద్దిపేటల నాయిన ఉన్నడు గాని ఆయన పనిల ఆయన ఉంటడు. తిన్నవా అని నన్ను అడిగేటోళ్ళు లేరు. మీరు అడిగేది నన్ను కాదని తెల్సు. తెల్సినా, మీరు అడిగినంక తినకుండ ఉండబుద్ది కాలే. ఇయ్యాల పూరీ గూడ మీకు చెప్పాల్నని తిన్న.”

ఒక పిల్లకు ఊపిరాడకుండా చేసిన చూపే ఇంకో పిల్లకు అన్నం తినిపించింది.

“పాప ఇప్పుడు సెన్సర్ లేకుండా తిరుగుతాందా?”

“లేదు లేదు, ఫికర్ చెయ్యకుండ్రి. అక్క ఇంకోటి పెట్టుకున్నది, కొత్త ఫోన్ల. అది ఎవ్వరికీ పంపదంట.”

“ఆ ఫోను నంబరియ్యి.”

“ఇయ్యలేనాంటీ. ఒట్టేసిన.”

“నా బిడ్డ యాడుందో తెలీకుండా నేను ఇంటికి పోవాల్నా? నువ్వు పూరీ తిని నన్ను ఏమారిస్తివి, నీ ఒట్టు నాకెందుకు?”

అఖిల ఏడుస్తూ నిలబడింది. నంబరు మాత్రం చెప్పలేదు. నాగమణి కోపం అట్లాగే కాసేపు మండి, తర్వాత చల్లారిపోయింది. నంబరు దొరికితే తను ఫోను చేస్తుంది. ఫోను చేస్తే రసజ్ఞ ఈ దారి కూడా మూసేస్తుంది. ఇంకా దూరం పోతుంది. తనకు తెలిసిన పిల్ల అదే కదా.

లేచి, చీర కొంగుతో అఖిల ముఖం తుడిచింది.

“దాన్ని తీసేయొద్దు,” అంది. “గడువు తీరేదాకా ఉండనీ. నేను వచ్చిపోయినట్టు పాపకు చెప్పాకు. నేను గూడా ఇంట్లో చెప్పను. ఆయన్ను పడుకోనీ.”

“మీరు మెసేజ్ పెడతరా ఆంటీ?”

“పెడతా. నువ్వు గూడా రాయి.”

ఆ మాట అని గుమ్మం దాటబోయింది. అప్పుడు ఆమె ఫోను ఒకసారి అదిరింది.

అంకె కాదు. రసజ్ఞ తన చక్కెర అంకెలను మీతో పంచుకోవాలనుకుంటోంది, చూస్తారా అని ఇంగ్లీషులో అడుగుతోంది తెర. నాగమణి అర్థం కాక అఖిల వైపు చూసింది. అఖిల వచ్చి భుజం మీదుగా చూసి, “నేనేం చెయ్యలే,” అంది.

నాగమణి చూస్తానని నొక్కింది.

తెర రెండుగా విడిపోయింది. పైన రసజ్ఞ. కింద రసజ్ఞ. పైన తొంభై ఎనిమిది. కింద యాభై తొమ్మిది, దాని పక్కన నిట్టనిలువుగా కిందికి దిగిన బాణం.

“కిందిది నాది కాదాంటీ,” అంది అఖిల గుసగుసగా.

నాగమణికి ఆ మాట అవసరం లేదు. కింద కనిపిస్తున్న గీత తెల్లవారుజామున మెల్లగా ఎక్కింది. టిఫిను దగ్గర కొండలా లేచింది. సూది కాస్త ఎక్కువ పడ్డట్టుంది, మధ్యాహ్నం అన్నం మానేసినట్టుంది, అక్కడి నుంచి రాయి దొర్లినట్టు జారుతోంది. ఇన్నాళ్ళకు కూతురి ముఖం చూసినట్టయింది ఆమెకు. చూసిన సంతోషం గుండెల్లో ఒక్క క్షణం కూడా నిలవలేదు.

“ఎవ్వరికీ పంపదంటివే.”

అఖిల తన ఫోను తీసి, ఒట్టు సంగతి మరిచిపోయి, నంబరు నొక్కుతోంది.

చాలాసేపు మోగింది. తర్వాత ఎత్తారు. మాట లేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది, నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు.

నాగమణి ఫోను లాక్కుంది. “పాపా.”

“అమ్మా.” గొంతు నాలుకకు చుట్టుకుంటోంది. “నీకు ఎంత కనపడతాంది?”

“యాభై ఆరు.”

“నాకు కనపడ్డంలా. అంకెలు పాకుతాండాయి. నువ్వు చదువు.”

“చదువుతా తల్లీ, చదువుతా. యాడుండావు?”

“ఆఫీసులో.”

“పక్కన ఎవరుండారు?”

“ఎవరూ లేరు. శనివారం కదా.” కాసేపు ఊపిరి. “లేదు. చానా మందిమి ఉండాం.”

“ఎవరు?”

“అందరూ నేనే.”

అప్పటికే ఇద్దరూ మెట్లు దిగుతున్నారు. కింద కనకలక్ష్మి ఏదో అడిగింది, ఎవరూ ఆగలేదు.

“మీటింగు రూములో ఉండామమ్మా,” అంటోంది రసజ్ఞ, చిన్నపిల్ల కథ చెప్పినట్టు. “చుట్టూ అద్దాలు. కదలకుండా కూర్చుంటే లైట్లు వాటికవే ఆరిపోయినాయి. ప్రతి అద్దంలో నేను కూర్చోనుండా. అందరమూ ఫోను పట్టుకోనుండాం.”

“ఆఫీసు పేరేంది? బిల్డింగు పేరేంది?”

“గాజుది.”

“పేరు చెప్పు తల్లీ.”

“అన్నీ గాజువే కదమ్మా.”

అఖిల రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపింది. “రాయదుర్గం దిక్కు కొత్త ఆఫీసుల చేరిన్నని చెప్పింది ఆంటీ. గంతే తెల్సు.” రసజ్ఞ పాత ఫోను నుంచి అంబులెన్సుకు చేసింది. ఎక్కడికి రావాలో చెప్పండి అన్నారు వాళ్ళు. రాయదుర్గం అంది. రాయదుర్గంలో ఎక్కడ అన్నారు. అఖిల మళ్ళీ రాయదుర్గమే అంది.

నాగమణి రెండు ఫోన్లు రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఒకటి చెవి దగ్గర. ఒకటి కళ్ళ ముందర.

“యాభై రెండు, పాపా. దగ్గర తినేదానికి ఏముంది? బ్యాగు చూడు.”

“జ్యూస్ ప్యాకెట్టుంది. చేతిలోనే ఉంది.”

“పుల్ల గుచ్చి తాగు.”

“ఎవరు తాగాల?”

“నువ్వే.”

“అందరి చేతిలోనూ ఉందమ్మా. ఎవరు తాగాల్నో తెలీడం లేదు.”

నాగమణి కళ్ళు మూసుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల తాడిపత్రి ఇంట్లో ఇట్లాగే ఒళ్ళంతా చెమటతో, చూపు నిలవక, నేనెవరని అడిగిన మధ్యాహ్నాలు ఆమెకు తెలుసు. అప్పుడు గెడ్డం పట్టుకుని నోట్లో చక్కెర పోసేది. ఇప్పుడు చెయ్యి ఎంత చాపినా అందదు. గొంతు ఒక్కటే పోతుంది అక్కడికి.

“ఇదో, ఇటు విను,” అంది నింపాదిగా, వణుకు లేకుండా. “నా గొంతు ఎవరికి వినపడతాందో ఆ పిల్ల తాగాల. మిగిలినవాళ్ళు ఊరికే చూస్తారు. వినపడతాందా?”

“వినపడతాంది.”

“అయితే నువ్వే. తాగు.”

కాగితం చించిన చప్పుడు. ఏదో కింద పడిన చప్పుడు. తర్వాత పీల్చినట్టు, గుటకలు వేసినట్టు ఏదో వినపడింది. వినపడిందో, వినపడాలని తను అనుకుందో తెలియలేదు. ఆటో సిగ్నలు దగ్గర ఆగింది. అఖిల చెయ్యి నాగమణి మోకాలి మీద బిగుసుకుంది.

“తాగిందమ్మా,” అంది రసజ్ఞ.

“తాగినావా? నా తల్లే.”

“నేను కాదు. ఎదురుగా ఉండే పిల్ల. నేను చూస్తానే ఉండా, మొత్తం తాగేసింది. ఇప్పుడు నవ్వుతాంది.”

తెర మీద పై రసజ్ఞ నూట మూడు. కింది రసజ్ఞ నలభై తొమ్మిది. బాణం ఇంకా కిందికే ఉంది. తాగి ఉంటే అంకె మళ్ళడానికి కొంచెం టైము పడుతుందని ఆమెకు తెలుసు. తాగకపోయి ఉంటే ఏమవుతుందో కూడా తెలుసు.

సిగ్నలు పడి ఆటో కదిలింది. రోడ్డుకు రెండు వైపులా గాజు మేడలు మొదలయ్యాయి. ప్రతి మేడలోనూ అదే మబ్బు, అదే ఖాళీ రోడ్డు, దాని మీద పోతున్న అదే ఆటో.

“ఏ బిల్డింగమ్మా?” అని డ్రైవరు అడిగాడు. జవాబు రాకపోయేసరికి అద్దంలో నుంచి వెనక్కి చూశాడు. “ఏ బిల్డింగో చెప్పున్రి, గీడ అన్నీ గిట్లనే ఉంటయి.”

“నలభై ఎనిమిది, పాపా,” అంది నాగమణి ఫోనులోకి. “నేను చదువుతానే ఉండా. నలభై ఎనిమిది. వినపడతాందా?”

అవతల చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎవరో, “ఊఁ,” అన్నారు.

అది రసజ్ఞ గొంతో, ఇంకెవరిదో, నాగమణి గుర్తుపట్టలేకపోయింది.